వెనక యాక్సిల్‌లో నీళ్లు: ఒక పాత ఫోర్ బై ఫోర్ రిపేరు డైరీ

మొదటి శనివారం

బండి పాతది, నాలుగు చక్రాలకీ ఇంజిను బలం అందే రకం. లీఫ్ స్ప్రింగులు, ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు (రెండు చక్రాల్నీ కలిపే ఇరుసులు), నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. వెనక ఎడమ చక్రం లోపల ఆయిల్ కారడం ఏడాదిగా నడుస్తున్న కథ. ఆయిల్ సీలు, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రింగు, ఒకసారి మార్చాను. ఆరు నెలలు తిరక్కుండానే మళ్లీ మార్చాను. రెండోసారి మార్చినప్పుడు "ఇక దీని జోలికి పోనక్కర్లేదు" అని తమ్ముడితో అన్న మాట నాకు గుర్తుంది. వాడికి ఇంకా బాగా గుర్తుంది.

పోయిన ఆదివారం ఎత్తుపల్లాల దారిలో రెండు గంటలు నడిపి, ఆగకుండా అలాగే వాగులోకి దిగాం. నీళ్లు హబ్‌ల (చక్రాల నడిమి భాగాల) పైదాకా వచ్చాయి. ఇంటికొచ్చి బురద కడిగేసి, అంతటితో పని అయిపోయిందనుకున్నాను. నిజానికి నీళ్లలో దిగిన బండికి ఆ సాయంత్రం చేయాల్సిన మొదటి పని కడగడం కాదు, డిఫరెన్షియల్ (యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకీ బలం పంచే గేర్లు), గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసుల్లో (ముందు, వెనక యాక్సిళ్లకి బలం పంచే పెట్టె) ఆయిల్ చూడటం. ఆ సంగతి తెలిసి కూడా వారం ఊరుకున్నాను.

ఈ రోజు ఎడమ డ్రమ్ము కింది అంచున మళ్లీ తడి కనిపించింది. అనుమానం వచ్చి వెనక డిఫరెన్షియల్ ఫిల్లర్ ప్లగ్గు తీసి వేలు లోపలికి పెట్టాను. తేనె రంగులో ఉండాల్సిన ఆయిల్ బూడిద తెలుపులో, సన్నటి నురగతో వచ్చింది. గేర్ ఆయిల్‌లో నీళ్లు కలిసి గేర్ల కింద నలిగితే వచ్చే రంగు అది. రెండు వేళ్ల మధ్య రుద్దితే ఆ జిడ్డు ఉండాల్సినంత లేదు.

ఫిల్లర్ ప్లగ్గు ముందు తీశానని గమనించండి. కింద డ్రెయిన్ ప్లగ్గు తీసి ఆయిలంతా వదిలేశాక పైన ఫిల్లర్ తుప్పుకి బిగుసుకుపోయి రాకపోతే, బండి కదలకుండా అక్కడే ఉండిపోతుంది. పోసే దారి తెరుచుకుందని తేలాకే ఖాళీ చేసే దారి ముట్టుకోవాలి. నాది కూడా ఒక్క పట్టుకి రాలేదు. తుప్పు వదిలించే నూనె కొట్టి, సుత్తితో ప్లగ్గు తల మీద నాలుగు దెబ్బలు వేసి, గంట ఆగితే కదిలింది.

బండిని రాత్రంతా చదునుగా, కదపకుండా వదిలేశాను. దానికో కారణం ఉంది.

ఆదివారం ఉదయం

నీళ్లు ఆయిల్ కన్నా బరువు. కలిసిపోయింది కలిసిపోగా, విడిగా ఉన్న నీళ్లు రాత్రికి అడుగుకి దిగుతాయి. అందుకే ఇంజిను తిప్పకముందే డ్రెయిన్ ప్లగ్గుని పూర్తిగా తీయకుండా ఒకటిన్నర చుట్టు మాత్రం వదులు చేశాను. మర వెంబడి ముందు ఒక్కో చుక్కా నీళ్లే వచ్చాయి. కొంచెం మట్టి రంగు, అంతే, జిడ్డు లేదు. ఒక చిన్న గ్లాసులో సగం దాకా నిండాక చుక్క సాగడం మొదలైంది, ఆ తర్వాత తెల్లటి ఆయిల్ దారంలా దిగింది.

ప్లగ్గుకున్న అయస్కాంతం తుడిచి చూశాను. బూడిద రంగు మెత్తటి పేస్టు ఉంది. అది మామూలే, గేర్లు అరుగుతూ ఉంటే వస్తుంది. గోటికి తగిలే రేకులు, పళ్ల ముక్కలు ఉంటే మాత్రం కవరు విప్పక తప్పదు. నాకు అవి కనపడలేదు, ఊపిరి పీల్చుకున్నాను.

కంటికి తెలియనంత తక్కువ నీళ్లు ఉన్నాయేమో చూడటానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఇనప పలకని నీళ్లు మరిగే వేడికన్నా బాగా ఎక్కువ వేడి చేసి, దాని మీద ఒక్క చుక్క ఆయిల్ వేయాలి. శుభ్రమైన ఆయిల్ అయితే చప్పుడు లేకుండా పరుచుకుని సన్నగా పొగ వస్తుంది. నీళ్లుంటే చిటపటమంటుంది. కళ్లద్దాలు పెట్టుకుని ఆరుబయట చేయాలి. నా చుక్క చిటపటలాడలేదు, ఎగిరి పడింది. ముందు యాక్సిల్‌దీ, గేర్‌బాక్సుదీ, ట్రాన్స్‌ఫర్ కేసుదీ ఒక్కో చుక్క వేసి చూశాను. ఆ మూడూ నిశ్శబ్దం.

అదే వాగు, అదే లోతు, ముందు యాక్సిల్‌కి లేని జబ్బు వెనకదానికి ఎందుకొచ్చింది? నా మనసంతా సీలు మీదే ఉంది. మూడో సీలు కొనడానికి కొలత కూడా రాసుకున్నాను. డ్రెయిన్ ప్లగ్గు బిగిస్తూ యాక్సిల్ హౌసింగు మీద చెయ్యి పెట్టినప్పుడు, గొట్టం నెత్తిన బఠాణీ గింజంత బురద బొడిపె ఒకటి తగిలింది. గీరితే కింద ఇత్తడి మెరిసింది. అది బ్రీదర్.

బ్రీదర్ అంటే యాక్సిల్ గాలి పీల్చి వదిలే చిన్న తూము. విప్పి తెచ్చి నోటితో ఊదాను. బుగ్గలు నొప్పెట్టాయి తప్ప గాలి దాటలేదు. లోపల బురద ఎండి రాయిలా ఉంది. ముందు యాక్సిల్ బ్రీదర్ కూడా తీసి ఊదాను, కొంచెం బిగువుగా అయినా గాలి పోతోంది.

అక్కడే కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. రెండు గంటలు నడిచిన యాక్సిల్ లోపలి గాలి 75 డిగ్రీలు ఉందనుకుందాం. వాగు నీళ్లు దాన్ని 25 డిగ్రీలకి దించితే, బయటి గాలి లోపలికి వచ్చే దారి లేనప్పుడు లోపలి ఒత్తిడి దాదాపు 14 శాతం పడిపోతుంది. అంటే సుమారు మీటరున్నర ఎత్తు నీళ్లని లాగేంత పీల్పు. ఆయిల్ సీలు పెదవి ఆయిల్‌ని లోపల ఆపడానికి తయారైంది, బయట నుంచి అంత బలంగా లాగితే పెదవి పైకి లేస్తుంది. వాగులో దిగిన మొదటి నిమిషంలోనే యాక్సిల్ నీళ్లు తాగేసింది.

ఏడాదిగా కారుతున్న ఆయిల్‌కీ ఇదే జవాబు. బండి నడిచి వేడెక్కినప్పుడు లోపలి గాలి ఉబ్బుతుంది, బయటికి పోయే దారి లేక ఆయిల్‌ని సీలు మీదకి తోస్తుంది. వేడికి బయటికి, చల్లబడితే లోపలికి. పాపం ఆ రెండు సీళ్ల తప్పేమీ లేదు.

మూడో సీలు మాత్రం కొన్నాను. హబ్ విప్పినప్పుడు పాత సీలు మళ్లీ వాడను.

రెండో శనివారం

హబ్ విప్పే రోజు. దానికన్నా ముందు జాకీ గొడవ.

ఈ బండి హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద పనిచేయదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ప్రొపెల్లర్ షాఫ్టుని (వెనక యాక్సిల్‌కి బలం మోసే కడ్డీని) పట్టుకుంటుంది. చదును మీద నాలుగు చక్రాలూ నేలకి ఆనినంతసేపు బాగానే ఉంటుంది. ఒక్క వెనక చక్రం గాల్లోకి లేచిందా, డిఫరెన్షియల్ ఆ చక్రాన్ని వెనక్కి తిప్పుతూ నేల మీదున్న రెండో చక్రాన్ని ముందుకి వదిలేస్తుంది. షాఫ్టు కదలదు, హ్యాండ్‌బ్రేకు పట్టే ఉంటుంది, బండి మాత్రం జాకీ మీద నుంచి దొర్లిపోతుంది. యాక్సిల్ షాఫ్టు బయటికి లాగినా ఇదే కథ. అందుకని ముందు చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మెలు అడ్డం పెట్టకుండా పానా చేతిలోకి తీసుకోను.

ఎడమ వైపు ఎత్తి, యాక్సిల్ కింద స్టాండు పెట్టి, బరువు దాని మీదకి దించాను. జాకీని కూడా ఊరికే తగిలేలా ఉంచుదామని కొంచెం పంపు కొట్టాను. టీ తాగి వచ్చేసరికి జాకీకి, యాక్సిల్‌కి మధ్య వేలు దూరేంత సందు. సుద్దముక్కతో గీత పెట్టి, కావాలనే కొంత బరువు జాకీ మీదకి తెచ్చి చూశాను. 20 నిమిషాల్లో రెండు సెంటీమీటర్లు దిగింది. స్టాండు లేకుండా దాని కింద చేతులు పెట్టే మనిషికి ఆ రెండు సెంటీమీటర్లు చాలు.

తమ్ముడు అన్నాడు: "అన్నా, కొత్త జాకీ కొనేద్దామా?"

"ముందు దీని కడుపులో ఏముందో చూద్దాం రా."

జాకీని తిరగేసి ఆయిల్ వంపితే తారులా నల్లగా వచ్చింది. దిగే వాల్వు స్క్రూ పూర్తిగా విప్పితే దాని వెనక చిన్న స్టీలు గోళీ ఉంటుంది, జారి పోగొట్టుకోకుండా గుడ్డ పరిచి పనిచేయాలి. ఆ గోళీ కూర్చునే గుంటలో ఇసుక రేణువులాంటిది ఒకటి కనిపించింది. గోళీ సరిగ్గా ఆననప్పుడు ఆయిల్ ఆ సందులోంచి మెల్లగా వెనక్కి జారుతుంది, జాకీ దిగుతుంది. కడిగి, కొత్త హైడ్రాలిక్ జాకీ ఆయిల్ పోశాను. పిస్టన్ పూర్తిగా దించి ఉంచి, రబ్బరు బిరడా అంచుదాకా. చేతికి అందింది కదా అని బ్రేక్ ఆయిల్ పోసేవాళ్లున్నారు. దాని రసాయనం వేరు, జాకీ లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. తర్వాత వాల్వు వదులుగా ఉంచి హ్యాండిలు గబగబా పదిహేనుసార్లు కొడితే లోపల ఇరుక్కున్న గాలి పోతుంది. పక్కన ఇంకో స్క్రూ ఉంటుంది, మోయగలిగిన దానికన్నా ఎక్కువ బరువు ఎత్తకుండా ఆపేది. దాన్ని మాత్రం తాకకూడదు.

సాయంత్రం మళ్లీ సుద్ద గీత. గంటలో వెంట్రుకవాసి కూడా దిగలేదు. అయినా బండి స్టాండు మీదే ఉంటుంది.

చీకటి పడేలోపు ఒక్క పని చేయగలిగాం. చక్రాన్ని పన్నెండు గంటల దగ్గరా, ఆరు గంటల దగ్గరా పట్టుకుని ఊపితే లూజు తెలుస్తోంది. తమ్ముణ్ని ఫుట్‌బ్రేకు తొక్కమన్నాను.

"తొక్కాను అన్నా."

ఊపితే కదల్లేదు. బ్రేకు వదిలితే మళ్లీ కదిలింది. బ్రేకు తొక్కినప్పుడు పోయే లూజు బేరింగుది. అప్పటికీ పోకపోతే దాని వెనక ఇంకేదో వదులుగా ఉన్నట్టు.

ఆదివారం

యాక్సిల్ షాఫ్టు బోల్టులు విప్పి షాఫ్టు లాగాను, లాకు నట్టు, వాషరు, లోపలి నట్టు తీశాక హబ్ చేతిలోకి వచ్చింది. ఈ బండిలో హబ్ బేరింగులు గ్రీజు మీద నడవాలి. లోపలికి చూస్తే గ్రీజు పలచబడి, గేర్ ఆయిల్ కలిసి, కిందకి జారిపోయి ఉంది. బ్రేక్ లైనింగు ఆయిల్ పీల్చేసింది. ఎండబెట్టడం, ఉప్పు కాగితం రుద్దడం లాంటి వైద్యాలు నేను నమ్మను. లైనింగు పీల్చుకున్న ఆయిల్ వేడెక్కితే మళ్లీ పైకి వస్తుంది. రెండు వైపులా కొత్త షూలు. డ్రమ్ములోని ధూళిని గాలితో ఊదలేదు, తడి గుడ్డతో తుడిచాను. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఊపిరితిత్తుల్లోకి పోకూడనిది.

బేరింగులు కిరసనాయిల్లో కడిగాను. రెండు రోలర్ బేరింగులూ, వాటి రేసులూ (రోలర్లు దొర్లే రింగులు) బాగున్నాయి. నీలం మచ్చలు లేవు, గుంటలు లేవు. లూజు అరుగుదల వల్ల కాదు, నట్టు వదులవడం వల్ల. మంచి సంగతే. కంప్రెసరు గాలితో తుంపర తుంపరగా ఊది ఆరబెట్టాను. ఊదేటప్పుడు రోలర్లు గిర్రున తిరగకుండా వేళ్లతో బిగించి పట్టుకోవాలి. పొడిగా ఉన్న బేరింగు గాలికి ఈల వేస్తూ తిరగడం సరదాగానే ఉంటుంది గానీ, జిడ్డు లేకుండా తిరిగితే గీతలు పడతాయి, రోలర్లని పట్టి ఉంచే పంజరం విడిపోతే రోలరు తుపాకీ గుండులా ఎగురుతుంది.

గ్రీజు డబ్బా అడుగంటింది. కొత్తది తెచ్చాక పూద్దామని బేరింగుల్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాను.

మూడో శనివారం

గుడ్డ విప్పాను. రోలర్ల మీద కందిపప్పు రంగులో తుప్పు చుక్కలు. ఆరు రోజుల క్రితం అద్దంలా ఉన్నవి. గోటితో గీరితే పోయాయి గానీ, పోయిన చోట చిన్న చిన్న గుంటలు మిగిలాయి. ఆ గుంటలున్న రోలరు రేసు మీద దొర్లితే ఎన్నాళ్లు ఉంటుంది?

ముందు నా చెమట మీద అనుమానపడ్డాను. చేతి చెమట ఉప్పు, మెరిసే స్టీలు మీద వేలిముద్ర ఆకారంలోనే తుప్పు పట్టిస్తుంది. కానీ ఇవి వేలిముద్రల్లా లేవు, జల్లు కొట్టినట్టు ఉన్నాయి. జల్లు అన్న మాట తట్టాక కంప్రెసరు వైపు చూశాను. గాలి తుపాకీ తీసుకుని పాత అద్దం ముక్క మీద పది సెకన్లు ఊదాను. అద్దం నిండా సూది మొనంత నీటి చుక్కలు.

వాగు నీళ్లు యాక్సిల్‌లోకి ఎలా వచ్చాయని వారమంతా లెక్కలు వేసినవాణ్ని, అదే బేరింగుల మీద నా చేత్తోనే నీళ్లు చల్లి గుడ్డలో చుట్టి పెట్టాను.

కంప్రెసరు ట్యాంకు 100 లీటర్లు, 8 బార్ దగ్గర ఆగుతుంది. ట్యాంకు కింద ఒక డ్రెయిన్ వాల్వు ఉంటుందనీ, పని అయ్యాక రోజూ దాన్ని తెరవాలనీ నాకు తెలియక కాదు. అది ట్యాంకు కడుపు కింద, నేలకి జానెడు ఎత్తులో, వంగితే తప్ప అందని చోట ఉంటుంది. చివరిసారి ఎప్పుడు వంగానో నాకే గుర్తులేదు.

లెక్క ఇక్కడా ఉంది. 30 డిగ్రీల గాలి ఘనపు మీటరుకి దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరి దాకా పట్టుకోగలదు. 60 శాతం తేమ ఉన్న రోజు అందులో 18 గ్రాములుంటాయి. గేజి చూపే 8 బార్‌కి మామూలు గాలి ఒత్తిడి ఒక బార్ కలిపితే, తొమ్మిది ట్యాంకుల బయటి గాలిని ఒక్క ట్యాంకులో కుక్కినట్టు. ఆ గాలితో లోపలికి వచ్చే నీళ్లు 16 గ్రాములు. ట్యాంకు చల్లబడ్డాక ఆవిరిగా ఉండగలిగేది 3 గ్రాములే. మిగతా 13 గ్రాములు నీళ్లయి అడుగున చేరతాయి. ఖాళీ ట్యాంకు ఒక్కసారి నిండితే ఇంత. నేను ఏడాదిలో ఎన్నిసార్లు నింపానో లెక్క పెట్టడం మానేశాను.

ఒత్తిడి ఒక బార్ దాకా దించి, వాల్వు మెల్లగా తిప్పాను. మొదట ఏమీ రాలేదు, తుప్పు అడ్డుపడింది. తర్వాత ఒక్కసారిగా ఎర్రటి నీళ్లు చిమ్మాయి. బకెట్లో పడినవి కొలిస్తే లీటరున్నర. బకెట్ అడుగున తుప్పు రేకులు, మిరప గింజల సైజులో.

నీళ్లు పోయాయి, సమస్య తీరిందని సంతోషించడానికి ఆ రేకులు అడ్డొచ్చాయి. అవి ట్యాంకు గోడ ముక్కలే కదా. పూర్తిగా గాలి వదిలి, పక్క ప్లగ్గు విప్పి, ఫోనుకి తగిలించే చిన్న తీగ కెమెరా లోపలికి పంపాను. అడుగు గీత వెంబడి, నీళ్లు నిలిచినంత మేరా, గుంటలు గుంటలుగా తినేసి ఉంది. పైన రంగు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. 8 బార్ గాలి దాచుకున్న ట్యాంకు పగిలితే అది చిల్లు పడటం కాదు, పేలడం. దానికి వెల్డింగు అతుకు వేయకూడదు, అతుకు పక్కన ఎంత పలచన ఉందో ఎవరికీ తెలియదు. తమ్ముడు "ఒత్తిడి తగ్గించి వాడుకోవచ్చుగా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మోటారు, పంపు తల విప్పి ఉంచుకుని, ఖాళీ ట్యాంకుకి మధ్యలో పెద్ద బెజ్జం వేసి పాత ఇనుములో పడేశాను. బెజ్జం ఎందుకంటే, ఇంకెవరూ దానికి గాలి పట్టించకుండా.

నాలుగో వారం

కొత్త ట్యాంకు వచ్చింది. ఈసారి నా బద్ధకాన్ని లెక్కలో వేసుకున్నాను. డ్రెయిన్ రంధ్రానికి ఒక మోచేతి వంపు, మూరెడు పైపు, చివర బాల్ వాల్వు పెట్టి ముందు వైపుకి తెచ్చాను. ఇప్పుడు వంగక్కర్లేదు, మోటారు స్విచ్చు ఆపిన చేత్తోనే తెరవొచ్చు.

నీళ్లు పట్టే ఫిల్టరుని ఇన్నాళ్లూ ట్యాంకు మూతి దగ్గరే బిగించాను. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీళ్లు ఆవిరి రూపంలో ఫిల్టరుని దాటేసి, గొట్టంలో చల్లబడ్డాక చుక్కలవుతాయి. ఇప్పుడు గోడ వెంబడి ఇనప పైపు నడిపించి, ఫిల్టరుని చివర, గాలి తుపాకీ తగిలించే చోట పెట్టాను. పైపుని కొంచెం వాలుగా వేసి, అడుగున ఒక చిన్న డ్రెయిన్. అద్దం ముక్క మీద మళ్లీ ఊదాను. పొడిగానే ఉంది.

ఒక చిన్న అనుబంధం. మోటారు ఆగగానే ప్రెషర్ స్విచ్చు దగ్గర ఒక్క క్షణం "ఫుస్సు" మనడం మంచిదే, పంపు తల మీది గాలి వదిలేస్తోంది. ఆ ఫుస్సు ఆగకుండా సాగితే ట్యాంకు మూతి దగ్గరి నాన్ రిటర్న్ వాల్వు పట్టడం లేదని అర్థం. నా పాతది ఆర్నెల్లుగా అలాగే ఈల వేస్తోంది, నేను స్విచ్చుని తిట్టుకుంటూ ఉన్నాను.

అయిదో శని, ఆదివారాలు

కొత్త బేరింగులు. బేరింగు మార్చినప్పుడు హబ్‌లోని రేసు కూడా మార్చాలి, రెండూ జతగా వస్తాయి. పాత రేసుని ఇత్తడి కడ్డీతో అటొక దెబ్బ ఇటొక దెబ్బ వేస్తూ, వంకర పోకుండా కొట్టి తీశాను. కొత్త రేసుని రాత్రి ఫ్రీజర్‌లో ఉంచితే కాస్త కుంచించుకుంటుంది. దాని మీద పాత రేసు పెట్టి కొట్టాను. పాత రేసు బయటి అంచుని ముందే గ్రైండరు మీద కొంచెం అరగదీశాను, లేకపోతే అది కూడా హబ్‌లో ఇరుక్కుంటుంది. కొడుతుంటే చెవి పెట్టి వినాలి. దిగుతున్నంతసేపూ దెబ్బ డొల్లగా పలుకుతుంది. అడుగుకి ఆనగానే ఖంగుమంటుంది, సుత్తి చేతికి ఎదురు తంతుంది. అక్కడ ఆపాలి.

గ్రీజు పూయడానికి నేను యంత్రం వాడను. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు, కుడి చేతిలో బేరింగు. వెడల్పు వైపు అంచుని గ్రీజు ముద్దలోకి నొక్కుతూ అరచేతి మీద ఈడ్చాలి. ఏడెనిమిదిసార్లకి రోలర్ల సందుల్లోంచి సన్న వైపు గ్రీజు పురుగుల్లా బయటికి వస్తుంది. అలా చుట్టూ వచ్చేదాకా తిప్పుతూ పోవాలి. పై పైన పూసి పెట్టిన బేరింగు లోపల ఎండుగానే ఉంటుంది. పాత గ్రీజు ఒక్క చుక్క కూడా మిగల్చలేదు, వేర్వేరు రకాల గ్రీజులు కలిస్తే కొన్నిసార్లు పలచబడి కారిపోతాయి. ఈసారి చేతికి గ్లోవ్స్ ఉన్నాయి.

సీలు కూర్చునే చోట షాఫ్టు గొట్టం మీద గోరు ఆనించి లాగాను. గాడి ఉంటే గోరు ఆగుతుంది. ఆగలేదు. సీలు స్ప్రింగు వైపు ఆయిల్‌కి ఎదురుగా ఉండాలి, పెదవికి గ్రీజు రాసి నొక్కాను.

హబ్ ఎక్కించాక లోపలి నట్టు. హబ్‌ని తిప్పుతూనే బిగించాలి, అప్పుడే రోలర్లు వాటి చోట కుదురుకుంటాయి. తర్వాత వెనక్కి వదిలి, మళ్లీ వేళ్లతో బిగించి, సన్నటి కదలికని కొలిచే డయల్ గేజి పెట్టి హబ్‌ని ముందుకీ వెనక్కీ లాగి చూశాను. వాషరు పెట్టి లాకు నట్టు బిగించేసరికి కొలత మారింది. ఇది ప్రతిసారీ జరుగుతుంది, బయటి నట్టు లోపలిదాన్ని మర సందు మేరకి నెడుతుంది. రెండుసార్లు విప్పి మళ్లీ చేశాక 0.1 మిల్లీమీటరు దగ్గర ఆగింది, ఈ బండి మాన్యువల్ అడిగేది అంతే. అప్పుడు వాషరు చెవి మడిచాను. టార్కు రెంచిని (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాని) పని అయ్యాక అతి తక్కువ అంకెకి తిప్పి పెట్టెలో పెట్టాను. దానితో నట్లు విప్పబోయిన తమ్ముడి చేతిలోంచి ఒకసారి లాక్కోవాల్సి వచ్చింది.

హౌసింగులో మిగిలిన తెల్లటి ఆయిల్ కోసం చవక రకం గేర్ ఆయిల్ పోసి అయిదు కిలోమీటర్లు నడిపి, వేడి మీదే వదిలేశాను. రెండోసారి పోసినది దాదాపు శుభ్రంగా వచ్చింది. చివరికి 80డబ్ల్యూ-90, జీఎల్-5 గేర్ ఆయిల్ (మొదటిది చిక్కదనం, రెండోది రకం). డిఫరెన్షియల్ హైపాయిడ్ గేర్లకి జీఎల్-5 కావాలి. మిగిలింది కదా అని అదే డబ్బా గేర్‌బాక్సులో వంపలేదు. మా గేర్‌బాక్సు మాన్యువల్ జీఎల్-4 అంటుంది, అందులో ఇత్తడి రింగులున్నాయి, వాటికి జీఎల్-5 పడకపోవచ్చు.

ఆరో శనివారం

బ్రీదర్. కడిగి మళ్లీ పెట్టేస్తే ఇంకో ఏడాదికి మళ్లీ బురద పడుతుంది. అదే మర ఉన్న గొట్టం మూతి తెచ్చి బిగించి, దానికి పెట్రోలు గొట్టం లాంటి గట్టి రబ్బరు గొట్టం తొడిగాను. ఛాసిస్ వెంబడి పైకి తీసుకెళ్లి, టెయిల్ లైటు వెనక పెట్టెలో, నీళ్లు అందని ఎత్తులో చివర వదిలాను. చివరకి ఒక చిన్న ఫ్యూయల్ ఫిల్టరు. రెండు జాగ్రత్తలు. ఒకటి, బండిని ఎత్తి యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు గొట్టం పొడవు కొలవాలి. నేల మీద కొలిచిన గొట్టం మొదటి గుంతలోనే ఊడుతుంది. రెండు, గొట్టం మధ్యలో ఎక్కడా ఊయలలా కిందకి వేలాడకూడదు. ఆ వంపులో నీళ్లు చేరితే బిరడా పెట్టినట్టే. ముందు యాక్సిల్‌కీ అదే పద్ధతి, దాని గొట్టం బానెట్ కిందకి వచ్చింది.

తమ్ముడికి నమ్మకం కుదరలేదు. "ఆ గొట్టంలోంచి నిజంగా గాలి వస్తుందా అన్నా?"

ఫిల్టరు తీసి, పలచటి ప్లాస్టిక్ సంచిలోంచి గాలంతా పిండి, గొట్టం చివర దారంతో గట్టిగా కట్టాను. గంట సేపు నడిపి వచ్చి చూస్తే సంచి బత్తాయంత ఉబ్బి, ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. దాన్ని అలాగే వదిలి, పక్కనే కంప్రెసరు వాల్వు తెరిచాను. రెండు చెంచాల నీళ్లు తుస్సుమని వచ్చాయి, రంగు లేదు.

ఆదివారం పొద్దున్న వాడే ముందు లేచి చూసి పిలిచాడు. రాత్రి చల్లబడ్డ యాక్సిల్ గాలి వెనక్కి పీల్చుకుంది. సంచి ముడతలు పడి గొట్టానికి అతుక్కుపోయింది, మూతి దగ్గర కొంత భాగం గొట్టంలోపలికి దూరి ఉంది. లాగితే "టప్" మని ఊడింది. వాడు దాన్ని మళ్లీ కడుతుంటే, నేను ఫిల్టరు ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్నాను.